వాల్వు మీద చెయ్యి ఎవరిది?

పోయిన మాఘమాసంలో ఒక పెళ్ళికి పుంగనూరు వెళ్ళాను. ముహూర్తం తెల్లవారుజామున. నేను చేరేసరికి రాత్రి తొమ్మిదైంది. కల్యాణ మండపంలో డెకరేషన్ కుర్రాళ్ళు నిచ్చెనలెక్కి బంతిపూల సరాలు కడుతున్నారు. కట్టడానికి పైన వాళ్ళకి చక్కటి కొక్కేలు దొరికాయి. సీలింగ్‌లోంచి బొటనవేలంత కిందికి దిగి, చివర చిన్న పువ్వులా విచ్చుకున్న ఇత్తడి ముక్కలు. ప్రతి మూడు, నాలుగు మీటర్లకూ ఒకటి. పందిరి వెయ్యడానికే ఎవరో కొలిచి పెట్టినట్టున్నాయి.

"దానికి కట్టొద్దబ్బా" అన్నాను కింద నుంచి.

"ఏం గాదులేనా, గట్టి ఇత్తడి ఇది. ప్రతి పెళ్ళికీ దీనికే గదా కట్టేది" అన్నాడు ఆ అబ్బాయి, ముడి బిగిస్తూ.

అవి కొక్కేలు కావు, మంటలార్పే స్ప్రింక్లర్లు. ఇత్తడి గట్టిదే. ఆ ఇత్తడి చట్రం మధ్యలో నిలబడి ఉన్న గాజు బుడ్డీ ఉందే, అది మాత్రం అయిదు మిల్లీమీటర్ల లావుంటుంది, కొన్నింట్లో మూడే. పైన పైపులో నిండుగా ఉన్న నీటిని ఆపుతున్నది ఆ బుడ్డీయే. దగ్గరికెళ్ళి చూస్తే లోపల ఎర్రటి ద్రవం, ఆ ద్రవంలో ఆవగింజంత గాలిబుడగ కనిపిస్తాయి. ఆ బుడగ తయారీ లోపం కాదు, కావాలని వదిలింది. వేడి పెరిగే కొద్దీ ద్రవం ఉబ్బి బుడగను మింగేస్తుంది. ఇక ఉబ్బడానికి చోటు లేనప్పుడు గాజు పగులుతుంది. మూత ఊడుతుంది, నీళ్ళు కింద పువ్వు రేకులకు కొట్టుకుని గొడుగులా పరుచుకుంటాయి. ఎర్ర బుడ్డీ 68 డిగ్రీల దగ్గర పగులుతుంది. నారింజ రంగుది 57 దగ్గరే, పసుపుది 79, ఆకుపచ్చది 93, నీలంది 141. రంగు అలంకారం కోసం కాదు, అది ఉష్ణోగ్రత చీటీ. వంటగదిలో ఎర్రది బిగిస్తే పెళ్ళినాడు గాడిపొయ్యి సెగకే పగలవచ్చు. మామూలు గదిలో నీలంది బిగిస్తే మంట ముదిరేదాకా కదలదు.

సినిమాల్లో ఒక గదిలో పొగ రాగానే భవనమంతా వాన కురుస్తుంది. అది సినిమా. మామూలు స్ప్రింక్లర్లలో ఏ బుడ్డీకి సెగ తగిలితే అదొక్కటే పగులుతుంది, మిగతావి ఊరుకుంటాయి. కానీ ఆ ఒక్కటీ చాలు. సాధారణంగా వాడే రకం నుంచి ఒక బార్ పీడనం దగ్గర నిమిషానికి 80 లీటర్లు వస్తాయి, అయిదారు బిందెలు. పూలసరం బరువుకో, నిచ్చెన కొస తగిలో ముహూర్తం వేళ ఆ బుడ్డీ పగిలితే వధూవరుల మీద పడేవి అక్షింతలు కావు.

ఆ రాత్రి ఏమీ పగల్లేదు. పెళ్ళి బాగా జరిగింది. నాకు మాత్రం ఆ అబ్బాయి మాట వదల్లేదు. ప్రతి పెళ్ళికీ దానికే కడుతున్నాడు. అతనే కాదు. గోడలకు రంగు వేసేవాడు బ్రష్షు ఆపకుండా బుడ్డీ మీద కూడా ఒక కోటింగ్ లాగుతాడు. ఆ పొర సెగను లోపలికి రానివ్వదు. ఫాల్స్ సీలింగ్ వేసేవాడు దాన్ని ప్లైవుడ్ పైకి దాచేస్తాడు. చీరల కొట్టు గుమాస్తా అట్టపెట్టెలను సీలింగ్ అంటేదాకా పేరుస్తాడు. స్ప్రింక్లర్ కింద మూరెడు చోటు వదలకపోతే ఆ గొడుగు విచ్చుకోదు, నీళ్ళు పెట్టెల వెనక్కి చేరవు. ఒక భవనంలో అగ్నిరక్షణ పరికరాన్ని ఇంతమంది ముట్టుకుంటున్నారు. మరి ముట్టుకునే అర్హత ఎవరికుంది?

ముందు చేలో స్ప్రింక్లర్ సంగతి చూద్దాం. మదనపల్లెలో స్ప్రింక్లర్ అంటే ఎవరికైనా మొదట గుర్తొచ్చేది వేరుశనగ చేను. సబ్సిడీలో వచ్చిన నల్లపైపులు, ఠక ఠక తిరిగే ముక్కులు. ఆ రైతుకి చెప్పాల్సింది చాలా తక్కువ. చివరి ముక్కు దగ్గర నీటి జోరు ఎందుకు తగ్గుతుందో, ఉప్పునీటి బోరు రంధ్రాల్లో ఎలా సున్నం కట్టేస్తుందో అతనికి తెలుసు. పీడనం నాలుగింతలు పెరిగితే నీళ్ళు రెండింతలే వస్తాయన్నది భౌతికశాస్త్రం లెక్క. మోటారు ఎంత పెద్దది వేసినా నీళ్ళు ఆ మేరకు పెరగవని అతను అనుభవం మీద చెబుతాడు. తేడా ఒక్కటే. చేలో స్ప్రింక్లర్ రోజూ తిరుగుతుంది కాబట్టి చెడితే ఆ పూటే తెలుస్తుంది. భవనంలో స్ప్రింక్లర్ ఇరవై ఏళ్ళు ఊరికే వేలాడి, ఇరవై ఒకటో ఏట ఒక నిమిషంలో పని చెయ్యాలి. రోజూ పరీక్షకు కూర్చోని విద్యార్థిని పని పెట్టుకుని పరీక్షించాలి. అది ఒక ప్రత్యేక విద్య.

కొందరు యజమానులు అడిగే పరీక్ష వేరు. "ఒకదాని కింద అగ్గిపుల్ల పెట్టి చూపించు, పని చేస్తుందో లేదో" అంటారు. పగిలిన బుడ్డీ మళ్ళీ పనికి రాదు. టపాకాయ పేలుతుందో లేదో పేల్చి చూసి, దాన్నే దీపావళికి దాచుకోలేం కదా. స్ప్రింక్లర్ హెడ్‌ను, అంటే ఆ ఇత్తడి ముక్కను, పరీక్షించాలంటే కొన్నింటిని విప్పి ప్రయోగశాలకు పంపాలి. అమెరికా అగ్నిరక్షణ సంస్థ ఎన్ఎఫ్‌పీఏ ప్రమాణం 25 ప్రకారం మామూలు రకం హెడ్లు 50 ఏళ్ళు నిండితే నమూనాలు అలా పంపించాలి, లేదా మొత్తం మార్చేయాలి. ఇక్కడ కూర్చుని చెయ్యగలిగింది కంటితో చూడడమే. బుడ్డీలో ద్రవం ఉందా, తుప్పు పట్టిందా, రంగు పడిందా, సాలెగూడు కట్టిందా. మార్చాల్సి వస్తే దాని కోసమే చేసిన రెంచి వాడాలి, పంపు పని వాళ్ళ పైపు పానా పెట్టి తిప్పకూడదు. పానా పళ్ళు చట్రాన్ని నొక్కితే గాజుకి కంటికి కనపడని బీట పడుతుంది. అది ఆ రోజే పగలాలని లేదు, ఆరు నెలల తర్వాత ఏ అర్ధరాత్రో పగలవచ్చు.

ఇందులో పంపు, పైపు, గాజు, కరెంటు, నీటి లెక్క అన్నీ ఉన్నాయి. కాబట్టి అర్హుడు అనే ఒక్క మనిషి ఉండడు, వేర్వేరు చేతులుంటాయి. పైపు సైజు, హెడ్ల మధ్య దూరం, పంపు బలం లెక్కకట్టేది ఇంజనీరు. గదికి కొత్త గోడ అడ్డం కట్టినా, గోడౌన్‌లో సరుకు ఎత్తు పెరిగినా మళ్ళీ అతన్నే పిలవాలి, మేస్త్రిని కాదు. బిగించి, విప్పి, పరీక్షించేది ఆ పని నేర్చిన టెక్నీషియన్. రోజూ గేజీ చూసి, పంపుకి డీజిల్ ఉందో లేదో చూసి, పంపు ప్యానెల్ మీద మీట 'ఆటో'లోనే ఉందని నిర్ధారించుకునేది భవనం ఆపరేటర్. అతనికి డిగ్రీ అక్కర్లేదు, ఒకరు పక్కన నిలబడి పది రోజులు చూపిస్తే చాలు. చూపించేవాళ్ళే ఉండరు. ఇక అగ్నిమాపక శాఖ అధికారి. ఆయన తనిఖీ చేస్తాడు, నిరభ్యంతర పత్రం (ఎన్ఓసీ) ఇస్తాడు, తప్పుంటే నోటీసిస్తాడు. నాగపూర్ జాతీయ అగ్నిమాపక కళాశాలలో చదివొచ్చినవాడైనా సరే, మన భవనంలో నెలనెలా వాల్వు తిప్పి చూడడం ఆయన పని కాదు. "ఫైర్ వాళ్ళు చూసి వెళ్ళారు కదా" అనే మాట మన దగ్గర తరచూ వినపడుతుంది. డాక్టరు సర్టిఫికెట్ ఇచ్చాడు కాబట్టి ఇక అన్నం తినక్కర్లేదన్నట్టుంటుంది.

చట్టం ఏమంటుంది? మన ఆంధ్రప్రదేశ్‌కి 1999 అగ్నిమాపక సేవల చట్టం ఉంది. దేశం మొత్తానికి 2016 జాతీయ భవన నియమావళి ఉంది. అందులో నాలుగో భాగమంతా అగ్ని భద్రతే. స్ప్రింక్లర్ల రూపకల్పనకు, బిగింపుకు ఐఎస్ 15105 అనే భారతీయ ప్రమాణం ఉంది. నియమావళి కొన్ని రకాల భవనాలకు, 30 మీటర్ల ఎత్తు దాటితే, మూడేళ్ళకు తగ్గని అనుభవమున్న అర్హుడైన ఫైర్ ఆఫీసరును పెట్టుకోమంటుంది. కానీ మదనపల్లె, పుంగనూరు, కుప్పంలలో మెడ అంతగా వెనక్కి వంచి చూడాల్సిన భవనాలు అరుదు. మూడు నాలుగంతస్తుల ఆసుపత్రులు, చీరల షోరూములు, బేస్‌మెంట్ పార్కింగులు, మండపాలు, ఇవే మనవి. పెద్ద భవనానికి పెద్ద ఆఫీసరు దొరికాడు, మన భవనానికి వాచ్‌మన్ మిగిలాడు.

బాయిలర్‌తో పోల్చి చూడండి. చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో బాయిలర్ ఉంటుంది. దాన్ని నడిపేవాడికి ప్రభుత్వ పరీక్ష పాసైన సర్టిఫికెట్ ఉండాలని 1923 నాటి చట్టం నుంచీ నియమం నడుస్తోంది. కరెంటు పనికి వైర్‌మన్ పర్మిట్ అడుగుతారు. స్ప్రింక్లర్ దగ్గరికి వచ్చేసరికి, 'నీ కార్డు చూపించు' అని పంపు గది గుమ్మంలో ఆపే ఏర్పాటు మన దగ్గర అంత స్పష్టంగా కనపడదు. మహారాష్ట్ర ఈ విషయంలో ముందుంది. అక్కడి 2006 చట్టం ప్రకారం అగ్ని రక్షణ పరికరాలు బిగించేది, చూసేది లైసెన్సు పొందిన ఏజెన్సీయే. అన్నీ పనిచేసే స్థితిలో ఉన్నాయని ఏటా జనవరిలో ఒకసారి, జులైలో ఒకసారి ఆ ఏజెన్సీ ఫారం 'బి' రాసి సంతకం పెట్టాలి. సంతకంతోనే నీళ్ళు రావు, నిజమే. కానీ రేపు నీళ్ళు రాకపోతే ఎవరిని నిలదీయాలో ఆ కాగితం మీద పేరు ఉంటుంది.

ఈ గందరగోళం కొత్తది కాదు, మనకే ప్రత్యేకమూ కాదు. 1874లో అమెరికాలో న్యూ హేవెన్‌లో హెన్రీ పార్మలీ తన పియానో ఫ్యాక్టరీని కాపాడుకోవడానికి స్ప్రింక్లర్ పెట్టుకున్నాడు. తర్వాత ఫ్రెడరిక్ గ్రినెల్ దాన్ని మెరుగుపరిచి అమ్మడం మొదలుపెట్టాడు. ఇక ఎవరికి తోచినట్టు వాళ్ళు బిగించారు. 1895 నాటికి బోస్టన్ చుట్టూ నూరు మైళ్ళలోనే పైపు సైజుకీ, హెడ్ల దూరానికీ తొమ్మిది రకాల ప్రమాణాలు చలామణీలో ఉన్నాయి. ఒక ఊళ్ళో సరైన పని పక్క ఊళ్ళో తప్పు. ప్లంబర్ల ఈ అవస్థ తీర్చడానికి కూర్చున్న వాళ్ళే 1896లో ఆ ఎన్ఎఫ్‌పీఏ సంస్థ పెట్టారు. అంటే అగ్ని భద్రతకు ప్రపంచంలో పేరుమోసిన సంస్థ ఒకటి పుట్టింది మంటల వల్ల కాదు, పైపుల లెక్క కుదరక. వాళ్ళను ముందుకు తోసింది ఎక్కువగా బీమా కంపెనీలు. మన దేశంలోనూ చాలాకాలం స్ప్రింక్లర్ నియమాలకు పెద్ద దిక్కు బీమా రంగపు టారిఫ్ అడ్వైజరీ కమిటీయే. డబ్బు పోయేవాడే ముందుగా నియమం రాస్తాడు.

ఆ ఎన్ఎఫ్‌పీఏ లెక్కల్లోనే ఇంకో సంగతి ఉంది, నా మటుకు అసలు సంగతి అదే. స్ప్రింక్లర్ ఉన్న భవనంలో, హెడ్ పగిలేంత మంట వచ్చి కూడా స్ప్రింక్లర్ పని చెయ్యని సందర్భాలు తక్కువ. ఎందుకు చెయ్యలేదని వెతికితే, అయిదింట దాదాపు మూడు సార్లు కారణం ఒకటే: ఎవరో వాల్వు మూసి ఉంచారు. గాజు చెడలేదు, పంపు కాలలేదు. ఎప్పుడో చిన్న మరమ్మతుకు కట్టేసిన వాల్వును మళ్ళీ తెరవడం మరిచిపోయి ఉండొచ్చు. ఈ విద్యలో ఎక్కువ భాగం ఇంజనీరింగ్ కాదు, జ్ఞాపకం. వాల్వు మూసేటప్పుడు దానికి ఎర్ర ట్యాగు కట్టి, రిజిస్టరులో వేళ రాసి, తెరిచాక తెరిచినట్టు రాసి, నీళ్ళు వదిలి చూసి మరీ వెళ్ళేవాడే అర్హుడు. మిగతా సర్టిఫికెట్లన్నీ దీని తర్వాతే.

మదనపల్లెలో మంట మాట ఎత్తితే సబ్ కలెక్టర్ కార్యాలయం గుర్తుకు రాకుండా ఉండదు. 2024 జులై 21 ఆదివారం రాత్రి అక్కడ అగ్గి పుట్టి రెవెన్యూ రికార్డులు బూడిదయ్యాయి. రెండు వేలకు పైగా ఫైళ్ళు పోయాయని అధికారులు అప్పట్లో లెక్క చెప్పారు. మర్నాడే రాష్ట్ర డీజీపీ హెలికాప్టర్‌లో దిగారు. ఇది ఊరికే జరిగిన ప్రమాదం కాదన్న అనుమానంతో దర్యాప్తు సీఐడీ దాకా వెళ్ళింది. ఎవరు చేశారన్నది ఈ వ్యాసం పని కాదు. ఆ వారమంతా టీకొట్ల దగ్గర జరిగిన వాదన మాత్రం నా పనే. "కాగితాలున్న గదిలో నీళ్ళ పైపులు పెడితే మంట లేకున్నా నాశనమే గదా" అన్నారు కొందరు.

ఈ భయం అమెరికా వాళ్ళకీ ఉండేది. సెయింట్ లూయీలో సైనికుల సర్వీసు రికార్డులు దాచిన పెద్ద భవనంలో, నీళ్ళు కారితే కాగితాలు పాడవుతాయనే స్ప్రింక్లర్లు పెట్టలేదు. 1973 జులై 12న పై అంతస్తు అంటుకుంది. కోటీ అరవై లక్షల నుంచి కోటీ ఎనభై లక్షల దాకా ఫైళ్ళు పోయాయి. విచిత్రమేమిటంటే చివరికి కాగితాలు తడవనే తడిశాయి, ఫైరింజన్ల గొట్టాలతో. స్ప్రింక్లర్ ఒక మూల పోసే నీటికంటే ఎన్నో రెట్లు. అలా తడిసిన ఫైళ్ళను పాల ప్యాకెట్లు వేసే ప్లాస్టిక్ ట్రేలలో సర్ది, అంతరిక్ష పరీక్షలకు వాడే శూన్యపు గదిలో పెట్టి ఆరబెట్టారు. లక్షల ఫైళ్ళు అలా బతికి బయటపడ్డాయి. బూడిదను ఏ గదిలో పెడతాం?

కావాలని నిప్పు పెట్టేవాడి సంగతి వేరు. వాడు తెలిసినవాడైతే ముందు వాల్వు దగ్గరికే పోతాడు. అందుకే పెద్ద వాల్వును తెరిచి ఉంచి, గొలుసు వేసి, తాళం బిగించమంటారు. ఇంకా మంచిదేమిటంటే, చక్రం కొంచెం తిప్పగానే కంట్రోల్ రూములో దీపం వెలిగే స్విచ్చి. దొంగకైనా, మతిమరుపు ప్లంబరుకైనా అదే కాపలా.

మొన్న మేలో ఒక తెలిసినాయన పిలిస్తే కుప్పంలో ఒక భవనానికి వెళ్ళాను. ఏడాది పరీక్ష. టెక్నీషియన్ బెంగళూరు నుంచి పొద్దున రైలుకి దిగాడు, చేతిలో గేజీల పెట్టె. ముప్ఫై దాటని కుర్రాడు. బేస్‌మెంట్‌లోకి దిగగానే ఏదీ ముట్టుకోలేదు. పది నిమిషాలు ఊరికే చుట్టూ తిరిగి చూశాడు, పైపుల వెంట చూపు పోనిస్తూ. తర్వాత గేజీ దగ్గర ఆగి అంకె రాసుకున్నాడు. నీళ్ళు కదలనప్పటి పీడనం అది. అప్పుడు పెద్ద డ్రెయిన్ వాల్వు బార్లా తెరిచాడు. గేజీ ముల్లు కిందికి జారి ఒకచోట నిలబడింది. ఆ అంకె కూడా రాసి, పోయినేటి అంకెతో పోల్చాడు. ఉదాహరణకి ఏడు బార్లు ఉన్నది పోయినేడు ఆరు దాకా దిగి ఆగి, ఈ ఏడు మూడుకి పడిందనుకోండి, దారిలో ఎక్కడో ఒక వాల్వు సగం మూసుకుని ఉన్నట్టు. గోడ పగలగొట్టకుండా, పైపు విప్పకుండా రెండు అంకెల మధ్య తేడాతో పట్టుకోవడం, నాడి చూసినట్టు. పోయినేటి అంకె రాసిపెట్టి ఉంటేనే ఇది సాధ్యం.

తర్వాత అందరం పై అంతస్తు చివరికి వెళ్ళాం. అక్కడ పరీక్ష కోసమే ఒక చిన్న కుళాయి ఉంటుంది, ఒక్క హెడ్ పగిలితే ఎంత నీరు పోతుందో సరిగ్గా అంతే వదిలేలా. తిప్పాడు. మొదట గాలి బుస్సుమంది. ఆ తర్వాత వచ్చిన నీళ్ళు కాటుక కలిపినంత నల్లగా ఉన్నాయి, మురిగిన గుడ్డు వాసన. నేను రెండడుగులు వెనక్కి వేశాను. "ఇది మామూలే సార్. కొత్త నీళ్ళు మాటిమాటికీ వస్తే వాటితో ప్రాణవాయువు వస్తుంది, తుప్పు దాంతోనే మొదలు" అన్నాడు అతను. ఇనుప పైపులో నిలవ నీరు ఉన్న ఆక్సిజన్‌ని తిని ఊరుకుంటుంది, మాటిమాటికీ ఖాళీ చేసి నింపితే పైపును తింటుంది. అతిగా పరీక్షించడమూ ఒక తప్పే. ఎన్ని రోజులకొకసారో తెలియడం కూడా అర్హతలో భాగం. ఇంతలో కింద గంట మోగింది. కరెంటుది కాదు, నీటి ప్రవాహమే ఒక చక్రాన్ని తిప్పి కొట్టే గంట. గుడి గంటలా ఉంది. ఆపరేటర్ మొదటిసారి విన్నాడట, నవ్వు ఆపుకోలేకపోయాడు.

నవ్వు ఫైరు నీళ్ళ సంపు దగ్గర ఆగింది. టెక్నీషియన్ కర్ర ముంచి చూశాడు. సగం కూడా లేదు.

"ఎండాకాలం బోర్లు ఎండిపోతే ఏం జేసేది సార్. ట్యాంకరు ఎప్పుడొస్తాదో తెలీదు. జనానికి నీళ్ళు గావల్ల గదా" అన్నాడు ఆపరేటర్. అతనిది తప్పు అనడానికి నాకు నోరు రాలేదు. వెయ్యి అడుగులు దించినా నీళ్ళు పడని నేల ఇది. నిండుగా కనపడే సంపును మూసిపెట్టి, గుక్కెడు నీళ్ళ కోసం రోడ్డెక్కమని ఎవరికి చెబుతాం? దీనికి విరుగుడు మనిషి నిగ్రహంలో లేదు, పైపు దారిలో ఉంది. నీళ్ళు ముందు ఫైరు సంపులో పడాలి, అది నిండి పొంగితేనే వాడుక సంపులోకి పోవాలి. వాడుక మోటారు పీల్చే గొట్టం ఫైరు సంపులోకి ఉండనే కూడదు. అలా కట్టిన చోట దాహం వేసినా ఫైరు నీళ్ళను ముట్టుకోలేం. ఇక్కడ ఎవరో తర్వాత ఒక గొట్టం వేసుకున్నారు. టెక్నీషియన్ దాన్ని ఫోన్‌లో ఫొటో తీసి, రిజిస్టరులో రాశాడు. విప్పలేదు. విప్పే అధికారం తనకి లేదన్నాడు, యజమానికి రాతపూర్వకంగా చెప్పడమే తన పని.

చివరికి పెద్ద వాల్వు దగ్గరికి వచ్చాం. తెరిచే ఉంది, గొలుసు ఉంది, తాళం ఉంది.

"తాళంచెవి?"

"వాచ్‌మన్ దగ్గర. గంగమ్మ జాతరకు ఊరికి పోయినాడు సార్. ఫోన్ చేసి రమ్మంటానా?" అన్నాడు ఆపరేటర్, కంగారుగా.

"వాల్వు తెరిచి వేసిన తాళమే గదన్నా. మూసేసుంటే భయపడాల. నిదానంగా జాతర చూసుకుని రమ్మను" అంటూ అతను రిజిస్టరు చివరి గీతలో రాశాడు: రెండో తాళంచెవి ఆఫీసులో గాజు పెట్టెలో ఉంచవలెను.